లాలమ్మత్త కోళ్లు కమ్మిన రోజులు

ఆస్పత్రిలో సూది గుచ్చడానికి నరం దొరక్క నర్సమ్మ మా లాలమ్మత్త కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. మణికట్టు పైన, బొటనవేలి మొదట్లో, చర్మం లోపలికి లాక్కుపోయిన గుంటలు ఆమె కంట పడ్డాయి. "ఇదేంది పెద్దమ్మా, కాలిందా?" అని అడిగింది. "ముంగిస," అన్నది అత్త కళ్లు తెరవకుండానే. నర్సమ్మ నావైపు చూసి, ముసలామెకు మతి తప్పుతోందన్నట్టు చిన్నగా తలాడించి, రెండో చెయ్యి అందుకుంది. అత్త మతి ఏమీ తప్పలేదు. అడిగినదానికి సరైన జవాబే చెప్పింది. ఆ వారంలోనే ఆమె పోయింది. కార్ఖానా బస్తీలో ఆమె కొడుకింటికి వచ్చినవాళ్లందరూ ఎంత నెమ్మదస్తురాలో అనుకుంటూ కళ్లు తుడుచుకున్నారు. నేను పద్మారావు నగర్‌లోని మా ఇంటికి తిరిగొచ్చి, అప్పటినుంచీ మౌలాలిలోని మా పాత ఇంటి పెరటినే తలుచుకుంటున్నాను. ఆ పెరట్లో ఏం జరిగిందో తెలిసినవాళ్లలో ఇక మిగిలింది నేనొక్కదాన్నే.

లాలమ్మత్త మా నాయనకు చెల్లెలు. మాది గుట్ట కింది ఇల్లు. దూది ఏకడం, పరుపులూ బొంతలూ కుట్టడం మా వాళ్ల పని. పేర్లకూ నమాజుకూ తురకలమే గాని, ఇంట్లో నోరు విప్పితే తెలుగే. ముందు గదిలో నాయన విల్లు వేలాడేది. దాని నారి దూదిలో పడి టంగు టంగుమని మోగుతుంటే ఇల్లంతా సన్నటి నూగు లేచేది. అది మా జుట్టులో, అన్నంలో, తాగే నీళ్లలో కూడా ఉండేది. వెనక పెరడు మాత్రం నానమ్మది. ఆమె పేరు హుసేనమ్మ. పెరట్లో ఒక మునగచెట్టు, నీళ్ల తొట్టి, గోడవారన ఇటుకలూ మట్టీ పెట్టి కట్టిన కోళ్లగూడు. గూటికి పైన షాబాదు బండ పరిచారు. దానిమీద మధ్యాహ్నం గిన్నెలు ఎండేవి. ముందు వైపు ఒక మనిషి చెయ్యి భుజం దాకా పట్టేంత బొక్క. సాయంత్రం కోళ్లన్నీ లోపలికి దూరాక ఆ బొక్కకు పాత తిరగలి రాయి అడ్డం పెట్టేవాళ్లు. దీన్నే మా ఇంట్లో కోళ్లు కమ్మడం అనేవాళ్లు. గూడు పక్కన నిలబడితే బూడిద వాసన, తడిసిన తవుడు వాసన, వాటి వెనక నుంచి ముక్కును పొడిచే రెట్ట వాసన. ఇప్పటికీ ఎక్కడైనా తడి తవుడు వాసన తగిలితే నా వీపు నిటారుగా అయిపోతుంది. ఆ వాసన దగ్గరే నానమ్మ కూడా ఉండేది మరి.

నానమ్మ కోళ్లను పెంచింది గాని తినడానికి కాదు. గుడ్లు హోటలు వాళ్లకు పోయేవి. పుంజులు పండగలకు పోయేవి. పొద్దున్నే గూడు తెరిచి, బయటికి వచ్చే ఒక్కొక్క పెట్టనూ రెక్కలు పట్టి ఆపి, ఆ పూట గుడ్డు పెట్టేది ఏదో వేలితో చూసి తెలుసుకుని, దాన్ని గంప కింద మూసేది. అందువల్ల మా ఇంట్లో గుడ్డు దొంగిలించడమన్నది ఎవరికీ సాధ్యం కాలేదు. పగలంతా గద్దలమీద కన్ను, సాయంత్రమైతే గుట్ట రాళ్లలోంచి దిగే అడవిపిల్లుల మీద, ముంగిసల మీద కన్ను. ఒకసారి ఒక గద్దను వల వేసి పట్టింది. దాని రెక్కలు విరిచి, బతికుండగానే వాసానికి తలకిందులుగా కట్టి పెరట్లో నిలబెట్టింది. మిగతా గద్దలు చూడాలని. అది చచ్చేదాకా అరిచింది, ఆ కింద నానమ్మ కూర్చుని నూకలు చెరిగింది. వీధికుక్క ఒకటి కోడిని పట్టినప్పుడు ఆ చచ్చిన కోడినే దాని మెడకు కట్టించి, కుళ్లి రాలేదాకా తీయనివ్వలేదు. "ఇగ జన్మల కోడి జోలికి రాదు," అనేది. రాలేదు కూడా. కోడి కనబడితే మూత్రం పోసుకునేది. వీధిలో అందరూ నానమ్మను మెచ్చుకున్నారు, ఆమె పెరట్లో కోడి పోదని.

లాలమ్మత్త పెళ్లయి రెండేళ్లు కూడా నిండకముందే పుట్టింటికి తిరిగి వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు ఆమెకు రేచీకటి పట్టింది. పొద్దు గూకితే చాలు, కళ్లకు గుడ్డ కట్టినట్టు అయిపోయేదట. అత్తగారింట్లో ఒక సాయంత్రం పొయ్యి మీది ఎసరు ఒంటి మీద పోసుకుంది. మరో సాయంత్రం మామగారి కాలు తొక్కింది. కాన్పుకని పుట్టింటికి పంపారు. బిడ్డ చచ్చి పుట్టింది. తర్వాత ఎవరూ తీసుకుపోవడానికి రాలేదు. నాయన పోయి అడిగితే, గుడ్డిదాన్ని అంటగట్టారని పదిమందిలో అన్నారట. నాయన ఆ మాటను ఇంటికి తెచ్చి, అమ్మ ముందు మెల్లిగా చెబుతుండగా నానమ్మ విన్నది. ఆ మరుసటి సాయంత్రమే పెరట్లోకి వచ్చి, నూకల చాట అత్త చేతిలో పెట్టింది.

"ఇగ నుంచి కోళ్లు నువ్వే కమ్మాలె."

"అమ్మా, పొద్దు గూకితె నాకు కనబడదు గద," అన్నది అత్త.

"కనబడ్తదో లేదో నేనూ జూస్త. ఆడ పనిజెయ్య శాతగాక కండ్లు లేవని నాటకమాడి వచ్చినవ్. గిట్ల నా ముంగట ఆడకు." తర్వాత మా అమ్మ వైపూ నా వైపూ తిరిగి, "ఎవలన్న సాయం జేసిన్రో, ఆళ్లకు ఆ పూట బువ్వ లేదు," అన్నది.

కోళ్లను ఎండ ఉండగా కమ్మడం ఎవరివల్లా కాదు. వెలుగు పూర్తిగా పోయే ముందే అవి గూటి వైపు మళ్లుతాయి. సరిగ్గా అప్పుడే అత్త కళ్లు పోయేవి. గుట్ట మీంచి మగ్రిబ్ అజాన్ వినబడే సరికి ఆమె పెరటి మధ్యలో చాట పట్టుకుని, "బా... బా... బా..." అని పిలుస్తూ, ఒక్కొక్క అడుగూ కాలితో తడిమి వేస్తూ నడిచేది. తొట్టికి కొట్టుకునేది. మునగచెట్టు కొమ్మ మొహానికి తగిలేది. నానమ్మ అరుగు మీద తస్బీ పూసలు తిప్పుతూ చూసేది. నేను అమ్మ కొంగు పట్టుకుని పెరటి వాకిట్లో నిలబడేదాన్ని. ఒకసారి అత్త రెట్టలో జారి మోకాళ్ల మీద పడితే, అరుగు మీంచి నానమ్మ, "లే. కోళ్లు నవ్వుతున్నయ్," అన్నది.

అయితే కొన్నాళ్లకు అత్త నేర్చుకుంది. నూకలు గూటి ముందే పోసి, కోళ్లు తింటున్న చప్పుడును బట్టి దగ్గరికి పోయేది. అవి లోపలికి దూరాక, బొక్కలోంచి చెయ్యి భుజం దాకా పెట్టి ఒక్కొక్కదాన్నీ తడిమి లెక్క చూసేది. బోడమెడ పెట్ట మెడకు ఈకే లేదు. నల్లదానికి ఒక కాలివేలు వంకర. పిల్లల తల్లి ముట్టుకోగానే గుర్రుమనేది. పుంజు జుట్టు ఒక పక్కకు మడతపడి ఉండేది. మచ్చలది ఎప్పుడూ ఆఖరున, తడి గోడకు ఆనుకుని కూర్చునేది. వాటికి కూడా ఆమె చెయ్యి అలవాటైంది. మొదట్లో పొడిచినవి, తర్వాత ఆమె వేళ్ల కింద కళ్లు మూసుకునేవి. పగలు ఆమె తొట్టి దగ్గర కూర్చుంటే మచ్చలది వచ్చి ఒడిలో ముడుచుకునేది. నానమ్మ ఇదీ చూసింది. "అత్తగారింట్ల నిలబడలేనిది కోళ్లతోటి కాపురం జేస్తున్నది," అని పక్కింటి ఆమెతో అన్నది, అత్తకు వినబడేలా.

వానాకాలంలో ఒక సాయంత్రం మచ్చలది తప్పిపోయింది. ఆ రోజు వాన పడి ఆగింది. కోళ్లు చెల్లాచెదురై ఉన్నాయి. అత్త ఎంత పిలిచినా అది రాలేదు. లోపల తడిమి, తడిమి, ఆ తడి గోడ దగ్గర ఖాళీ తగిలి, "అమ్మా, మచ్చలది రాలె. ఎవలన్న జెర దీపం పట్టున్రి," అన్నది. అమ్మ దీపం అందుకోబోయింది. నానమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. అత్త పెరడంతా చేతులూ మోకాళ్ల మీద పాకి వెతికింది. గోడవతల కంప చెట్లలో ఏదో ఒకసారి కొక్కొరించి ఆగింది. పొద్దున చూస్తే కంప కింద ఈకలు, రెండు కాళ్లు, సగం వీపు. అడవిపిల్లి పని.

నానమ్మ అవి ఏరుకుని తెచ్చింది. పరుపులు కుట్టే తాడు ముక్క ఒకటి నాయన గదిలోంచి తెచ్చింది. అత్త అప్పుడు గిన్నెలు తోముతోంది. నానమ్మ వెనకనుంచి వచ్చి, ఆ కాళ్లకు తాడు కట్టి, అత్త మెడలో వేసి ముడి బిగించింది. అత్త మొదట ఏమిటో అర్థం కానట్టు చూసింది. బూడిద చేతులతోనే తాడు పట్టుకుంది.

"తీసినవో, ఇంట్ల కెల్లి పో. ఆడికే పో, నిన్ను ఎల్లగొట్టినోళ్ల తాన్కి," అన్నది నానమ్మ.

అత్తను తీసుకెళ్లి వీధి గుమ్మం పక్కన కూర్చోబెట్టింది. పరుపు తీసుకుపోవడానికి వచ్చిన ఒకాయన ఆగి, అదేమిటని అడిగాడు. "కోడిని పోగొట్టింది. గుర్తుండాలె గద," అన్నది నానమ్మ. ఆయన నవ్వాలో వద్దో తెలియక పరుపు భుజాన వేసుకుని పోయాడు. ఎండ ఎక్కే కొద్దీ ఈగలు వచ్చాయి. అత్త ఈగలను తోలలేదు. చేతులు ఒడిలో పెట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చుంది. లోపల నాయన విల్లు ఆగకుండా మోగుతూనే ఉంది. ఆ రోజు ఆయన అన్నానికి కూడా లేవలేదు, అంత దూది ఏకాడు. అమ్మ ఒకసారి ఆయన దగ్గరికి పోయి, "నీ చెల్లె అది," అన్నది. "అమ్మ చెప్పినంక నేనేం చెప్తనే," అన్నాడు ఆయన, విల్లు ఆపకుండా.

సాయంత్రం నానమ్మ ఆమెను అలాగే పెరట్లోకి పంపింది. కోళ్లు ఆమెను చూసి పారిపోయాయి. మెడలోని వాసనకో, ఊగుతున్న ఆ కాళ్లకో బెదిరి, రోజూ చేతికిందికి వచ్చేవి కూడా గోడల మీదికి ఎగిరాయి. చీకట్లో ఆమె పిలుస్తోంది, అవి కొక్కొకోమంటూ దూరం జరుగుతున్నాయి. అప్పుడు అమ్మ వంటింట్లోంచి కత్తి తెచ్చి, పెరట్లోకి నడిచి, తాడు కోసేసింది. కోసి ఆ ముక్కను గోడవతలికి విసిరింది. ఆ రాత్రి నానమ్మ అమ్మకు అన్నం పెట్టలేదు, అంతే.

నాకు చెవిపోటు వచ్చిందన్న సాకుతో అమ్మ అత్తను కూడా దవాఖానకు తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ అత్త కళ్లలోకి దీపం వేసి చూసి, ఎప్పటినుంచి అని అడిగింది.

"కడుపుతోటి ఉన్నప్పుడు షురూ అయింది మేడం," అన్నది అత్త.

"ఒంట్లో సత్తువ లేక వచ్చేదే. గుడ్డితనం కాదు. మందు ఇప్పుడు స్టాకు లేదు, వచ్చేదాకా ఆకుకూర, మేక కార్జం, రోజుకొక గుడ్డు పెట్టండి. ఇంట్లో కోళ్లేమైనా ఉన్నాయా?"

అమ్మా అత్తా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత అత్త నవ్వింది. అంత నవ్వు ఆమె దగ్గర నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, బెంచీ మీద వంగిపోయి, కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వింది. డాక్టరమ్మకు కోపం వచ్చి మమ్మల్ని పంపించేసింది.

ఇంటికొచ్చి అమ్మ ఆ మాట నానమ్మకు చెప్పింది. నానమ్మ తస్బీ తిప్పడం ఆపలేదు. "అంటె, ఇన్నొద్దులు నా బిడ్డకు నేను తిండి పెట్టలేదనా నువ్వు చెప్పేది?"

"గట్లనలే అత్తమ్మా. రోజుకొక్క గుడ్డు..."

"గుడ్డంటె ఒక కోడి. ఆమె కండ్లకు నా కోళ్లను తినిపియ్యాల్నా? కండ్లొస్తె ఏం, మొగడొస్తడా?"

ఆ మాట తర్వాత గుడ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను అప్పుడు చిన్నదాన్నే గాని ఒకటి అర్థమైంది. డాక్టరమ్మ మాట ఒప్పుకుంటే కూతురు నాటకమాడలేదని ఒప్పుకోవాలి. అది ఒప్పుకోవడం కన్నా ఆమె కళ్లు పూర్తిగా పోవడమే నానమ్మకు తేలిక.

ముంగిస సంగతి చలికాలం మొదట్లో జరిగింది. ఆ సాయంత్రం అత్త కోళ్లన్నింటినీ లోపలికి తోలి, రాయి పెట్టబోయే ముందు ఎప్పటిలాగే చెయ్యి లోపల పెట్టింది. లోపల గోల ఎక్కువగా ఉంది. నేను వాకిట్లోంచి చూస్తున్నాను. ఆమె చెయ్యి భుజం దాకా పోయింది, ఆగింది. ఈకల బదులు బొచ్చు తగిలిందట. ఆ తర్వాత ఆమె అరిచిన అరుపు గుట్ట మీదికి వినబడి ఉంటుంది. కాని చెయ్యి బయటికి లాక్కోలేదు. అదే నాకిప్పటికీ వింత. బొటనవేలి మొదట్లో దాని పళ్లు దిగి ఉన్నాయి, ఆమె మాత్రం ఇంకా లోపలికి వంగి, వేళ్లు దాని మెడ చుట్టూ బిగించి, బయటికి ఈడ్చింది. చీకట్లో ఆమెకు అది కనబడటం లేదు. దాని కాళ్లు ఆమె మణికట్టును చీరుతున్నాయి. షాబాదు బండ అంచుకేసి కొట్టింది. మళ్లీ కొట్టింది. చప్పుడు మారేదాకా కొట్టింది. అమ్మ పరుగెత్తుకెళ్లి పట్టుకునే సరికి దాని తల తలలాగా లేదు. అయినా దవడలు అత్త చేతిలోంచి ఊడిరాలేదు. అమ్మ కత్తి మొనతో విడదీసింది.

అత్త దాన్ని తోక పట్టుకుని, గోడ తడుముకుంటూ అరుగు దాకా నడిచి, నానమ్మ ముందు పడేసింది. మణికట్టు నుంచి రక్తం కారుతోంది. ఏమైనా ఒక మాట అంటుందని ఆమె అక్కడే నిలబడింది. నాకిప్పుడు అనిపిస్తుంది, ఆ ఒక్క మాట అని ఉంటే అత్త జీవితాంతం ఆ పెరట్లోనే కోళ్లు కమ్ముతూ ఉండిపోయేది.

నానమ్మ తన చీర కుచ్చెళ్లు పక్కకు లాక్కుంది. "నిన్న రాయి మంచిగ పెట్టి ఉంటె ముంగిస ఎట్ల దూరుతది?" అన్నది.

మర్నాడు సాయంత్రం అత్త పసుపు గుడ్డ చుట్టిన చెయ్యి ఒడిలో పెట్టుకుని వాకిలి మెట్టు మీద కూర్చుంది. అజాన్ అయింది. కోళ్లు పెరట్లో తచ్చాడుతున్నాయి.

"లే," అన్నది నానమ్మ.

"కనబడ్తలేదు."

"రోజూ కనబడ్తదా? చేతులతోటి జెయ్యి."

"చెయ్యి సుత లేస్తలేదు."

నానమ్మ అమ్మ వైపు చూసింది. "పొయ్యి మీద బువ్వ ఉన్నది అత్తమ్మా," అన్నది అమ్మ. నాయన విల్లు ఆ వేళ ఆగి ఉంది, ఆయన మాత్రం లేచి రాలేదు. నానమ్మ తానే చాట పట్టుకుని దిగింది. అన్నాళ్లలో కోళ్లు ఆమె గొంతు మరిచిపోయినట్టున్నాయి. సగం గూట్లోకి పోయాయి. బోడమెడదీ, నల్లదీ, ఇంకొన్నీ మునగచెట్టెక్కి కూర్చున్నాయి. ఆమె వాటిని తిట్టి, రాళ్లు విసిరి, ఆఖరికి లోపలున్న వాటికి తిరగలి రాయి బిగించి, దానికి ఇంకో రాయి ఆనించి, మా అందరికీ చూపించి మరీ లోపలికి పోయింది.

తెల్లవారుజామున నాయన మసీదుకు పోయాడు. నానమ్మ ముందు గదిలో నమాజులో ఉంది. నమాజులో నిలబడితే ఆమెకు వెనక చప్పుడేదీ పట్టేది కాదు. అత్తా, అమ్మా, నేనూ వెనక వసారాలో పడుకున్నాం. గూట్లో చప్పుడు మొదలైంది. ముందు ఒక్కటే కోడి, తర్వాత అన్నీ. రెక్కలు రాతికి కొట్టుకుంటున్నాయి. అమ్మ గబుక్కున లేచి కూర్చుంది. పక్క నుంచి అత్త ఎడమ చేత్తో ఆమె కొంగు పట్టుకుంది.

"పండుకో వదినా," అన్నది.

అమ్మ కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత పడుకుంది. నన్ను దగ్గరికి లాక్కుని నా పై చెవిని అరచేత్తో మూసింది. అయినా వినబడింది. ఒక్కొక్క గొంతే తగ్గుతూ వచ్చింది. ఆ గొంతుల్లో ఏది ఎవరిదో అత్తకు తెలుసు. ఆమె వెల్లకిలా పడుకుని, కళ్లు తెరిచి, ఆఖరుదాకా విన్నది.

వెలుతురు వచ్చాక నానమ్మ రాయి తీసింది. రాయి పెట్టింది పెట్టినట్టే ఉంది. లోపలినుంచి ఒక్కొక్కదాన్నీ బయటికి తీసి వరసగా పెట్టింది. ఇంకో ముంగిస వచ్చింది, తిన్నది తక్కువ, చంపింది ఎక్కువ. మెడల దగ్గర చిన్న చిన్న గాట్లు. చెట్టు మీదివి కిందికి దిగి, ఆ వరస పక్కనే నూకలు ఏరుకోవడం మొదలుపెట్టాయి. నాయన మసీదు నుంచి వచ్చి, గూటి వెనకకు పోయి చూసి, మట్టి చేతులతో తిరిగొచ్చాడు.

"అమ్మా, ఎన్కల పందికొక్కు బొక్క తవ్వింది. అండ్లకెల్లే వస్తున్నయ్. రాయిది తప్పు గాదు," అన్నాడు. ఆ వ్యవహారమంతటిలో మా నాయన అత్త తరఫున అన్న మాట అదొక్కటే, అదీ చెల్లెలి పేరెత్తకుండా.

నానమ్మ అత్త వైపు చూసింది. అత్త చూపు తిప్పుకోలేదు. అప్పుడు నానమ్మ, "కొనఊపిరి ఉన్నయి ఏమన్న మిగిలినయా జూడు. జల్ది కొయ్యి," అన్నది నాయనతో. పుంజు ఇంకా ఎగశ్వాస తీస్తోంది. నాయన బిస్మిల్లా చెప్పి కోశాడు. అమ్మ దాన్ని వండి, వడ్డించేటప్పుడు కార్జం తీసి, నానమ్మ చూస్తుండగానే అత్త పళ్లెంలో వేసింది. "తిను," అన్నది. అత్త చేత్తో పెంచిన పుంజు అది. ముద్ద చేసి, నమిలి, మింగింది. ఆ తర్వాత ప్రతి రెండు రోజులకూ అమ్మ దుకాణం నుంచి మేక కార్జం తెప్పించింది. నానమ్మ అడ్డు చెప్పలేదు. ఒక సాయంత్రం, వెలుగు పోయాక, మెట్టు మీద కూర్చున్న అత్త ఉన్నట్టుండి, "వదినా, మునగచెట్టు మీద మూడున్నయ్. పై కొమ్మకు ఇంకొకటి," అన్నది. అమ్మ చేతిలో గరిటె పట్టుకునే బయటికి పరుగెత్తింది. అంతే. అంత చిన్న రోగం. దానికోసం ఒక కాపురం పోయింది, మెడలో కుళ్లిన కోడిని వేసుకుని వీధిలో కూర్చోవలసి వచ్చింది.

కొన్నాళ్లకు అమ్మ తెలిసినవాళ్ల చేత అడిగించి, కార్ఖానా బస్తీలో టైలరు పని చేసే ఒకాయనకు అత్తనిచ్చి చేయించింది. భార్య పోయినవాడు, ఒక కొడుకున్నవాడు. మంచివాడు. ఆమె అక్కడ సుఖంగానే బతికింది. ఆ కొడుకే ఆస్పత్రి గది బయట నాకన్నా ఎక్కువ ఏడ్చాడు.

ఇప్పుడు మా ఇంట్లో గుడ్లు అట్టపెట్టెల్లో ఫోను చేస్తే వస్తాయి. మా మనవరాలు గుడ్డు పసుపు ముద్దను పళ్లెం అంచున వదిలేస్తుంది, వాసనంటుంది. నేను ఏమీ అనను. అంగన్‌వాడీలో పిల్లల నోట్లో చెంచాడు మందు పోస్తారు, ఆ రోగం పేరు కూడా ఈ పిల్లలకు తెలియదు. పాతకాలం మనుషుల్లో ప్రేమలుండేవని నా ఈడువాళ్లు సభల్లో మాట్లాడుతుంటే నేను చప్పట్లు కొట్టలేను. ఉండేవేమో. మా ఇంట్లో ప్రేమ అమ్మ చేతిలోని కత్తిలాగా అరుదుగా బయటికి వచ్చేది. మిగతా రోజులన్నీ నానమ్మవి. అయితే ఈ కాలం మెత్తనిదనీ అనలేను. అప్పుడు గుమ్మంలో కూర్చోబెట్టి చేసినది ఇప్పుడు తలుపులేసుకుని చేస్తారేమో. వీధికి తెలియదు, అంతే తేడా.

నానమ్మ చాలా కాలం బతికింది. ఆఖరు రోజుల్లో రెండు కళ్లకూ పొర కమ్మి, మంచంలోనే ఉండేది. పెరట్లో కోళ్లు లేక అప్పటికి ఏళ్లయింది. అయినా పొద్దు గూకే వేళకు ఆమెకు ఎక్కడలేని కంగారు పుట్టేది. మంచం పట్టె తడుముతూ, కోళ్లు గూట్లోకి వచ్చాయా అని అడిగేది. "అన్నీ వచ్చినయి అత్తమ్మా, రాయి పెట్టిన," అని అమ్మ చెబితే నెమ్మదించేది. శుక్రవారాలు కార్ఖానా నుంచి అత్త వచ్చేది. తల్లికి ఒళ్లు తుడిచేది, తల దువ్వేది, పాలల్లో రొట్టె నానబెట్టి తినిపించేది. ఏ కూతురూ అంతకన్నా బాగా చెయ్యలేదు. సాయంత్రం ఆ ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం అత్త మంచం మీదికి వంగి, తల్లి చెవిలో గట్టిగా, "ఒకటి తక్కువున్నదమ్మా," అనేది.

ఆ మాటతో ముసలామెకు ఆ రాత్రంతా నిద్ర ఉండేది కాదు. లేవబోయేది. పట్టుకుని ఆపాల్సి వచ్చేది. అమ్మ వచ్చి అన్నీ ఉన్నాయని ఎంత చెప్పినా నమ్మేది కాదు. కోళ్ల విషయంలో కూతురి లెక్కే లెక్క అనేది. అమ్మ ఒకసారి అత్తను పక్కకు పిలిచి, "పోయేటి పానం, జెర అన్నీ వచ్చినయని చెప్పరాదు లాలమ్మా," అని బతిమాలింది. "నువ్వు చెప్తున్నవ్ గద వదినా," అన్నది అత్త, చెంగుతో చేతులు తుడుచుకుంటూ.

అప్పటికి నాకు బడిలో ఉద్యోగం వచ్చింది. ఆ రోజు అత్తను బస్సెక్కించడానికి రోడ్డు దాకా పోతూ, ఎందుకత్తా అని అడిగాను. కోపంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాను. ఆమె చాలా మామూలుగా చెప్పింది. "ఆమె ఈడ పరేషాన్ అయితున్నదంటె, ఆడ నాకు మంచిగ నిద్ర పడ్తది జానమ్మా."

నానమ్మ పోయిన రోజు కూడా శుక్రవారమే. ఊపిరి అందడం లేదు, మాట ముద్దగా వస్తోంది, అయినా చీకటి పడుతుండగా అడిగింది. అమ్మ మంచానికి అటువైపు నిలబడి, రెండు చేతులూ జోడించి అత్త వైపు చూసింది. అత్త వంగింది. మాట మార్చలేదు. నానమ్మ చెయ్యి దుప్పటి మీద ఏదో వెతుకుతూ వెతుకుతూ ఆగిపోయింది. మర్నాడు స్నానం చేయించడానికి ఆడవాళ్లు వచ్చినప్పుడు అందరికన్నా ముందు కూర్చున్నది అత్తే. గోరువెచ్చటి నీళ్లు తన చేతిమీద పోసుకుని చూసి, తల్లి వేళ్లను ఒక్కొక్కటీ విప్పి, సందుల్లో ఏమీ మిగలకుండా, ఏ తొందరా లేకుండా కడిగింది.